అన్నింటికీ అసహ్యమేనా?

సంపాదకులకు నమస్కారం.

చెత్తకుప్పైనా, లంచమైనా, నాయకుడి నోటిదురుసైనా మీ వార్తల్లో అన్నింటికీ 'అసహ్యం' ఒక్కటే వాడుతున్నారు, చదువుతుంటే బాధగా ఉంది. అసహ్యమంటే సహించలేనిది, అంతే. తీపి ఎక్కువైతే వెగటు, చూడబుద్ధి కాకపోతే రోత, అది 'రోయు' అనే పాత క్రియ నుంచి వచ్చింది. ఇక జుగుప్స, కాపాడటం అనే అర్థమున్న సంస్కృత 'గుప్' ధాతువు నుంచి పుట్టింది, అంటే తనను తాను కాపాడుకోవడానికి దూరం జరగడమన్నమాట; నాట్యశాస్త్రంలో బీభత్స రసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలంగా నిలిచే భావం, ఇదే. ఇప్పుడు కుర్రాళ్లు నచ్చిన సినిమాని కూడా 'బీభత్సం' అంటున్నారు, వాళ్లిష్టం, మీ హెడ్డింగుల్లో మాత్రం వద్దు.

కంపు సంగతి మరీ ముఖ్యం. ఇక్కడ బెంగళూరులో కన్నడ బడికి వెళ్లే మన పిల్లలు తికమకపడుతున్నారు, ఎందుకంటే కన్నడంలో కంపు అంటే సువాసన! మన 'కమ్మని' దానికి దగ్గరి చుట్టమే. తమిళంలో 'నాట్రం' కూడా ఒకప్పుడు సువాసనే, ఇప్పుడు దుర్వాసన అయింది. ఇలాంటి మాటల మీద ఆదివారం సంచికలో చిన్న శీర్షిక పెట్టండి, దయచేసి.

– ఒక పాఠకురాలు, బెంగళూరు