వీడియో చూస్తుంటే స్క్రీన్ బ్లింక్ అవుతున్న లాప్‌టాప్‌ల గురించి

మా దగ్గర లైనక్స్ (ఫ్రీగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన రీఫర్బిష్డ్ లాప్‌టాప్ కొన్నవాళ్లలో కొందరు ఈమధ్య ఒకే కంప్లైంట్ పంపుతున్నారు. వీడియో ఆడుతుండగా స్క్రీన్ ఉన్నట్టుండి ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తోందని, లేదంటే కింది భాగం వణుకుతోందని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు ఉన్నదున్నట్టు అందరికీ చెప్పేస్తున్నాను. సమస్య నిజమే. మీ వాడకంలో తప్పేమీ లేదు. లైనక్స్‌లో అసలే లేదు.

ఆ చివరి మాట కాస్త గట్టిగా అనడానికి కారణం ఉంది. చాలాకాలంగా మా దగ్గరే కొంటున్న ఒకాయన "ఫ్రీగా వచ్చే సిస్టమ్ ఇలాగే ఏడుస్తుంది, అందరూ వాడేది వేసి ఇవ్వండి" అని రాశారు. చురుక్కుమంది. అందుకే ముందు ఆయన మెషీనే తెప్పించుకుని టేబుల్ మీద పెట్టాను.

మొదట బయటి మానిటర్ తగిలించి అదే వీడియో పెట్టాను. మానిటర్ మీద శుభ్రంగా ఆడింది, లాప్‌టాప్ తెర మీద మాత్రం బ్లింక్. స్క్రీన్ రికార్డ్ చేసి చూస్తే రికార్డింగ్‌లో ఏమీ లేదు. అంటే బొమ్మ తయారయ్యే దగ్గర లోపం లేదు, తెరకు చేరే దారిలోనో తెరలోనో ఉంది. మూత ముందుకూ వెనక్కూ కదిపినా తేడా రాలేదు కాబట్టి కేబుల్ కూడా కాదు. హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోను విప్పే పని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపినా మార్పు లేదు. ఒక్క సంగతి మాత్రం కనిపెట్టాను: వీడియో చిన్న విండోలో ఉన్నప్పుడు, పాజ్ చేసి మళ్లీ ప్లే నొక్కినప్పుడు బ్లింక్ ఎక్కువ.

అది చూడగానే అనుమానం పీఎస్ఆర్ మీదికి పోయింది. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అంటారు, ప్యానెల్ అంటే లాప్‌టాప్ తెరే. తెర మీద బొమ్మ కదలకుండా ఉంటే ప్యానెల్ దాన్ని తన మెమరీలో పెట్టుకుని తానే చూపిస్తుంది, ఆలోపు గ్రాఫిక్స్ చిప్ కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. బ్యాటరీ ఆదా. దీని రెండో రకంలో అయితే బొమ్మలో మారిన భాగం మాత్రమే ప్యానెల్‌కు వెళ్తుంది. చిన్న విండోలో వీడియో ఆడుతుంటే జరిగేది సరిగ్గా అదే. ఈ నిద్ర, మెలకువల మధ్య ప్యానెల్ తడబడితే మీకు బ్లింక్ కనిపిస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఐ915 అనే డ్రైవర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, అందులో పీఎస్ఆర్ సెట్టింగ్ మామూలుగా -1, అంటే చిప్‌ను బట్టి డ్రైవరే నిర్ణయించుకుంటుంది. బూట్ లైన్‌లో, అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల వరసలో, దాన్ని 0 చేసి (అంటే ఆఫ్ చేసి) రీస్టార్ట్ చేశాను. బ్లింక్ పోయింది.

అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఇదే మోడల్, ఇదే కెర్నల్ (లైనక్స్ మూల భాగం) ఉన్న పాత మెషీన్లు పీఎస్ఆర్ ఆన్‌లోనే ఏ గోలా లేకుండా నడుస్తున్నాయి. అదే నిద్ర పట్టనివ్వలేదు. ప్రతి ప్యానెల్‌లోనూ ఎడిడ్ అనే చిన్న గుర్తింపు సమాచారం ఉంటుంది. కనీసం 128 బైట్లు, అందులో తయారీదారు మూడక్షరాల కోడ్, ప్రొడక్ట్ కోడ్. రెండు మెషీన్లవీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడక్షరాలూ వేరు! ప్యానెల్ మార్చేశారు. ఇంకా నమ్మకం కుదరక రెండింటి ప్యానెళ్లూ విప్పి అటుదిటు, ఇటుదటు బిగించాను. బ్లింక్ ప్యానెల్‌తో పాటే పాత మెషీన్‌లోకి వెళ్లింది. లైనక్స్‌ను తిట్టినవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలని మనవి.

సప్లయర్‌కు ఫోన్ చేశాను. పేరు రాయను. "ఫుల్ హెచ్‌డీ అన్నాం, ఫుల్ హెచ్‌డీ ఇచ్చాం కదా బ్రదర్" అన్నాడు. గీతలు పడ్డ ఒరిజినల్ ప్యానెళ్లు తీసేసి దొరికినవి వేశారట. వేయండి, తప్పులేదు, రీఫర్బిష్డ్ అంటేనే అది. కానీ వేసినట్టు చెప్పాలి కదా? ఇన్‌వాయిస్‌లో "ఒరిజినల్ డిస్‌ప్లే" అని రాసి మరీ పంపారు. ఆ కాగితం ఫొటో తీసి పంపితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇన్నాళ్లూ అతని మాట మీద డబ్బు ముందే పంపేవాణ్ణి. ఆ ప్యానెల్ తనకు పీఎస్ఆర్ వచ్చని డ్రైవర్‌కు చెప్పుకుంటుంది, డ్రైవర్ నమ్ముతుంది, తీరా పని పడితే ప్యానెల్ చేతులెత్తేస్తుంది. సరుకు కూడా అచ్చం అమ్మినవాడిలాగే ఉంది.

ఇక అసలు తలనొప్పి. షాపులో మావాళ్లంతా ఒకటే మాట: "ఒక్క లైన్‌తో పోతోంది, అందరికీ అది పెట్టేద్దాం, ప్యానెల్ సంగతి ఎవరికి తెలుస్తుంది?" నిజమే, తెలియదు. ప్యానెళ్లు మార్చడం మొదలుపెడితే ఆ బ్యాచ్ మీద మాకు మిగిలేది ఏమీ లేదు. ఒప్పుకుందామని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను కూడా. కానీ మీకు మేం చెప్పిన బ్యాటరీ టైమ్ ఒరిజినల్ ప్యానెల్‌తో, పీఎస్ఆర్ ఆన్‌లో ఉండగా కొలిచింది. ఫుల్ స్క్రీన్‌లో సినిమాలు చూసేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు గానీ గంటలకొద్దీ చదువుకునేవాళ్లకు, రాసుకునేవాళ్లకు తెలుస్తుంది. పైగా రేపు మీరు సిస్టమ్ కొత్తగా వేసుకుంటే ఆ లైన్ ఎగిరిపోతుంది, బ్లింక్ తిరిగొస్తుంది, తిట్లు మళ్లీ లైనక్స్‌కే. అది నేను పడను.

కాబట్టి రెండూ చేస్తున్నాం. బూట్ లైన్‌లో ఏం చేర్చాలో అక్షరం పొల్లుపోకుండా మీ మెయిల్‌కు పంపాం. చేర్చాక గ్రబ్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయాలి, అది మర్చిపోతే ఏ మార్పూ ఉండదు. టెన్షన్ అనిపిస్తే మెషీన్ తెచ్చివ్వండి, మేమే చేస్తాం. ప్యానెలే మార్చాలంటే అదీ మారుస్తాం, వారంటీ అయిపోయినా సరే, డబ్బు తీసుకోం. ఒరిజినల్ ప్యానెళ్లు దొరికే కొద్దీ వరస ప్రకారం పిలుస్తాం. మీరు మాత్రం విప్పకండి. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా డిస్‌ప్లే కేబుల్ లాగితే బోర్డే పోవచ్చు.

ఇంటెల్ బదులు ఏఎమ్‌డీ చిప్ ఉన్న మెషీన్ వాడేవాళ్లది వేరే కథ. బ్యాటరీ మీద ఉన్నప్పుడు చీకటి సీన్లలో వెలుతురు మెల్లగా పెరిగి తగ్గుతుంటే అది పవర్ ఆదా కోసం పెట్టిన ఫీచర్ అయ్యుండొచ్చు, పవర్ ప్రొఫైల్‌ను పర్‌ఫార్మెన్స్‌కు మార్చి చూడండి. కదిలే బొమ్మ మధ్యలో అడ్డంగా కోసినట్టు గీత కనిపిస్తే దాన్ని టేరింగ్ అంటారు, ప్యానెల్‌కు సంబంధం లేదు, సాఫ్ట్‌వేర్‌లోనే సరిచేస్తాం.

వేరే సిస్టమ్ వేసి ఇమ్మని అడిగినవాళ్లకు ఒక్క మాట. వేయను. మీ డబ్బు మీకు వెనక్కి ఇచ్చేస్తానుగానీ వేయను.

కొత్త బ్యాచ్ ఆలస్యమవుతుంది. సప్లయర్‌ను మార్చాం, ఇకమీదట ప్రతి మెషీన్‌కూ ఎడిడ్ చదివి, ఆ కోడ్ మీ బిల్లు మీదే రాసి ఇస్తాం. అడ్వాన్స్ కట్టి అంతవరకు ఆగలేనివాళ్లు ఒక్క మెసేజ్ పెడితే చాలు, మొత్తం తిరిగి పంపిస్తాం.