పారాస్కె పేరు కూడా చెప్పు

చిట్టితల్లీ,

నువ్వు రికార్డు చేసి పంపిన కథల కార్యక్రమం మొదటి భాగం నేనూ మీ నాన్నా కలిసి విన్నాం. నార్వే వాళ్ల తెల్ల ఎలుగుబంటి కథ ఇంత తేట తెలుగులో వింటుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గురువారం సాయంత్రం, బయట వాన, గాలికి గోడలు కిర్రుమంటుంటే కిటికీ మీద మూడుసార్లు తట్టిన చప్పుడు. అక్కడ నువ్వు ఒక్క క్షణం ఆగావు చూడు, అది బాగుంది. ఆ గురువారాన్ని ఎప్పుడూ వదలకు. ఈ నేలమీది పాత నమ్మకాలు ఎన్నో గురువారం సాయంత్రాన్ని పట్టుకుని ఉంటాయి.

ఫోన్లో అయితే మాట మీద మాట వచ్చి తొందరగా అయిపోతుంది. ఇది నిదానంగా చెప్పాల్సిన సంగతి, అందుకే ఉత్తరం.

ముందు సంగీతం. కథ వెనకాల ఆ పెద్ద డప్పులు, కొమ్ముబూర, గుంపుగా అరుపులు వేశావు. ఇంటర్నెట్లో ‘వైకింగ్’ అని వెతికితే ఉచితంగా దొరికే సరుకు అది. అది నార్వేది కాదు, స్వీడన్‌ది కాదు, ఎవరిదీ కాదు. వైకింగులు ఏం వాయించారో చెప్పే స్వరలిపి ఒక్కటీ మిగల్లేదు. పైగా నువ్వు చెప్పిన కథ అచ్చయింది 1840ల్లో, రైతుల ఇళ్లల్లో పొయ్యి దగ్గర చెప్పుకునే కథగా. ఆ పొయ్యి దగ్గరికి ఓడలెక్కి కత్తులు పట్టుకున్నవాళ్లని ఎందుకు తేవడం?

నేను అడిగేది ఒక్కటే. ప్రతి కథనీ, ప్రతి పాటనీ దాని ఊళ్లోనే ఉంచు. ఎవరు చెప్పారు, ఎవరు రాసుకున్నారు, ఏ లోయలో, ఏ ఏటి ఒడ్డున, అది వినేవాళ్లకి తెలియాలి. ‘నార్డిక్’ అనే మాట కింద అన్నీ కలిపేస్తే ఏదీ మిగలదు. నువ్వుంటున్న ఫిన్లాండ్ భాషకీ నేనుంటున్న నార్వే భాషకీ చుట్టరికమే లేదు. ఉత్తరాది ఆదివాసులైన సామి వాళ్ల భాషలు, పాటలు మళ్లీ వేరు. డాలస్‌లోనో భీమవరంలోనో కూర్చుని వినే పిల్లకి ఇదంతా ఒకే మంచుదేశం అనిపిస్తే మనం చెప్పీ లాభం లేదు.

నార్వే కథల వెనక ఇద్దరు స్నేహితులున్నారని నీకు తెలుసు. పీటర్ క్రిస్టెన్ ఆస్బ్యోర్న్‌సెన్ జంతుశాస్త్రం చదివి, తర్వాత అడవుల అధికారి అయ్యాడు. యోర్గెన్ మో మతాచార్యుడై బిషప్ దాకా ఎదిగాడు. 1841లో చిన్న చిన్న పుస్తకాలుగా కథలు అచ్చువేయడం మొదలుపెట్టారు. అప్పట్లో నార్వేలో రాసే భాష డేనిష్. పల్లెల్లో మాట్లాడే తీరు పుస్తకానికి పనికిరాదని చదువుకున్నవాళ్లు అనుకునే రోజులు. వీళ్లు ఆ మాట నడకని, ఆ విరుపుల్ని అచ్చులోకి తెచ్చారు. తర్వాతి కాలంలో నార్వే వాళ్లు తమ భాష రాసుకున్న పద్ధతి మీద కూడా ఆ కథల ప్రభావం ఉంది. అందుకే అవి గొంతు కోసం పుట్టిన కథలు. పైకి చదివితేనే వాటి బలం తెలుస్తుంది, నీ పని వాటికి సరిగ్గా సరిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాలకన్నా కిండర్‌గార్టెన్ ఉద్యోగమే బాగా నేర్పింది. బెర్గెన్ వానలో రబ్బరు బూట్లు, వానకోట్లు తొడిగి పిల్లల్ని బయటికి తీసుకెళ్తాం కదా, కాలువ మీద చెక్కవంతెన కనబడితే చాలు, మూడు మేకల ఆట మొదలు. చిన్న మేక, నడిమి మేక, పెద్ద మేక, వంతెన కింద ట్రోల్, అంటే రాక్షసుడు. మేక అవడానికి ఎవరూ పోటీపడరు, అందరికీ ట్రోలే కావాలి. వంతెన మీద ముందు చిన్న అడుగుల చప్పుడు, తర్వాత కాస్త గట్టివి, చివర పలకలు అదిరిపోయేలా. కథంతా ఆ అడుగుల్లోనే ఉంది. నువ్వు ఆ కథ చేస్తే ఏ సంగీతమూ వద్దు, నిజమైన చెక్కవంతెన దొరికేదాకా వెతుకు.

ఇంకో మాట. భయపెట్టేవాటిని మెత్తబరచకు. ఆస్కెలాదెన్ అనే కుర్రాడు ట్రోల్‌తో తిండి పోటీకి దిగిన కథలో, చొక్కా కింద సంచీ కట్టుకుని గంజి అందులో పోసుకుంటాడు, తర్వాత ‘కడుపు కోసుకుంటే ఇంకా తినొచ్చు’ అని సంచీ కోసి చూపిస్తాడు. ట్రోల్ నిజంగానే కోసుకుని చస్తాడు. కొందరు తల్లిదండ్రులు ఇదేం కథ అంటారు. పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వుతారు. అంతకుముందే వాడు జున్నుముద్దని తెల్లరాయని నమ్మించి పిండి నీళ్లు కారుస్తాడు, ట్రోల్ హడలిపోతాడు. అందరికన్నా చిన్నవాడు, బూడిదలో కెలుక్కుంటూ కూర్చునేవాడు, ఎవరూ లెక్కచెయ్యనివాడు బుర్రతో గెలవడం పిల్లలకి ఎంత అవసరమో నేను రోజూ చూస్తున్నాను. ట్రోల్ చావకపోతే ఆ గెలుపు గెలుపు కాదు.

నువ్వు చెప్పిన కథలో కూడా ఒకచోట తొందరపడ్డావు. ఉత్తరపు గాలి ఆ అమ్మాయిని వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటేటప్పుడు అలిసిపోయి కిందికి దిగిపోతుంది, అలలు ఆమె మడమల్ని తడుపుతాయి. అయినా ఒడ్డుకి విసిరేసేంత ఓపిక మాత్రం మిగులుతుంది. గాలికే ఆయాసం వచ్చేంత దూరం! అది నువ్వు ఒక్క వాక్యంలో దాటించేశావు. మళ్లీ రికార్డు చేసేటప్పుడు అక్కడ నీ గొంతు కూడా కాస్త అలవనియ్యి.

ఇప్పుడు హార్దింగ్‌ఫేలె, నార్వే జానపద ఫిడేలు. చూడ్డానికి వయొలిన్‌లా ఉంటుంది, ఒంటి మీద నల్లసిరా లతలు, ముత్యపుచిప్ప పొదుగులు, తలకట్టు దగ్గర తరచుగా చెక్కిన సింహమో డ్రాగనో ఉంటుంది. కమాను తగిలే తీగలు నాలుగు. వాటి కింద ఇంకో నాలుగో అయిదో తీగలుంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు. పై తీగ మోగితే అవి తమంతట తాము పలుకుతాయి, మన సితార్‌లో అడుగు తీగల్లాగే. ఒక శ్రుతి కాదు, ఇరవైకి పైగా శ్రుతులున్నాయి. శ్రుతి మారితే వాద్యం స్వభావమే మారినట్టుంటుంది. వాయించేవాళ్లు పాటకి ముందు శ్రుతి చేసుకునే చప్పుడు కూడా రికార్డు చెయ్యి. అడుగు తీగలు ఒక్కొక్కటే మేల్కొనడం పిల్లలు వినాలి.

దాని చుట్టూ కథలు ఎన్ని! జలపాతం కింద ఉండే ఫొస్సెగ్రిమ్ అనే నీటిభూతం గురువారం సాయంత్రం మాంసం సమర్పించినవాడికి ఫిడేలు నేర్పుతుందట. మాంసం చాలకపోతే శ్రుతి చెయ్యడం వరకే వస్తుంది, వాయించడం రాదు. టెలెమార్క్‌లో ఒక మిల్లువాడి కొడుకు ఉండేవాడు, తోర్‌గెయిర్ ఔగుండ్‌సన్, ‘మిల్లార్‌గుటెన్’ అంటేనే ఈ దేశంలో అందరికీ తెలుస్తుంది. అంత బాగా వాయిస్తున్నాడంటే సైతానుకి ఆత్మ అమ్ముకునే ఉంటాడని జనం చెప్పుకున్నారు. ఊలె బుల్, మన బెర్గెన్‌వాడే, అప్పటికే యూరప్ అంతా పేరున్న వయొలిన్ విద్వాంసుడు, 1849లో అతన్ని క్రిస్టియానియాకి, అంటే ఇప్పటి ఆస్లోకి, పిలిపించి కచేరీ పెట్టించాడు. పల్లెటూరి వాద్యం నగరం వేదికెక్కింది. అదే శతాబ్దంలో మతోద్ధరణ ఊపులో ఫిడేలు పాపమని కాల్చేసినవాళ్లూ, కాల్చలేక దాచేసినవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ కలిపి చెప్తేనే ఆ వాద్యం విలువ తెలుస్తుంది.

ఈ వాయిద్యకారుల్లో నాకు ఎంతో నచ్చే ఆచారం ఒకటుంది. పాట మొదలుపెట్టే ముందు అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పేరు చెప్తారు. ఫలానా లోయ, ఫలానా మనిషి, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు. పాట వయసు ఎంతైనా పేరు పోదు. నువ్వు కథలకి కూడా ఆ ఆచారమే పెట్టుకోవాలని నా కోరిక.

అందుకే హెల్సింకీలో నువ్వు రోజూ వెళ్లే మానర్‌హెయిమ్ రోడ్డు పక్కన హకసల్మి పార్కులో ఉన్న ఒక విగ్రహం గురించి చెప్తున్నాను. తలకి గుడ్డ కట్టుకున్న పల్లెటూరి ఆవిడ, లారిన్ పారాస్కె. 1833లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే ఇంగ్రియా ప్రాంతంలో పుట్టింది. చదవడం, రాయడం రాదు. తొమ్మిదిమంది పిల్లల్ని కంటే పెద్దయ్యేదాకా దక్కింది ముగ్గురే. సెయింట్ పీటర్స్‌బర్గ్ అనాథ పిల్లల్ని పెంచి ఆ డబ్బుతో సంసారం లాక్కొచ్చింది. ఆవిడ నోటి నుంచి అడోల్ఫ్ నెయోవియుస్ అనే మతాచార్యుడు రాసుకున్న పాటలు 1,200 దాటాయి, సామెతలు, పొడుపుకథలు వేరే. 1891లో ఫిన్లాండ్ సంగీతకర్త సిబేలియస్ పోర్వో పట్నం వెళ్లి ఆవిడ పాడటం విన్నాడు. గొప్ప చిత్రకారులు ఆవిడ బొమ్మ వేశారు. అయినా ఆవిడ 1904లో పేదరాలిగానే పోయింది.

ఫిన్లాండ్ జానపద మహాకావ్యం కాలేవలా అనగానే అందరూ ఎలియాస్ లోన్‌రోత్ పేరు చెప్తారు, చెప్పాల్సిందే. కజానిలో జిల్లా వైద్యుడుగా ఉంటూ కరేలియా ప్రాంతంలో ఊళ్లు తిరిగి పాటలు సేకరించి, వాటిని కూర్చి 1835లో ఒకసారి, పెంచి 1849లో మరోసారి అచ్చువేశాడు. కానీ 1834లో లాత్వయార్వి ఊళ్లో ఆయనకి పాడి వినిపించిన అర్హిప్పా పెర్టునెన్ పేరు ఎంతమందికి తెలుసు? ఆ కావ్యంలో వైనామోయినెన్ అనే ముసలి వీరుడు పెద్ద చేప దవడతో కాంతెలె అనే తీగవాద్యం చేసిన కథ నువ్వు చెప్పబోతున్నావు కదా, ముందు ఈ పాడినవాళ్ల గురించి ఒక రెండు నిమిషాలు చెప్పు. ఫిన్నిష్ సాహిత్య సంఘం 1831 నుంచీ మీ ఊళ్లోనే ఉంది, వాళ్ల జానపద భాండాగారానికి వెళ్లి అడుగు. వెనక అయిదు తీగల చిన్న కాంతెలె ఒక్కటి చాలు. ఎండాకాలం సెలవుల్లో కౌస్టినెన్ వెళ్లు. 1968 నుంచి అక్కడ జానపద సంగీత ఉత్సవం జరుగుతోంది, అక్కడి ఫిడేలు సంప్రదాయానికి 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఎదురుగానే దొరుకుతారు.

యోయిక్, అంటే సామి వాళ్ల సంప్రదాయ గానం విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. సామి వాళ్ల యోయిక్‌ని కథ వెనకాల వాతావరణం కోసం వెయ్యొద్దు. వాళ్లు ఒక మనిషి గురించి పాడరు, ఆ మనిషినే గొంతులోకి తెస్తారు. ఒకరికి కట్టిన యోయిక్ ఆ మనిషి సొంతం. మిషనరీలు దాన్ని పాపమన్నారు, వాళ్ల డోళ్లని లాక్కుని కాల్చారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా బళ్లలో పిల్లల్ని పాడనివ్వలేదు. నార్వేలో సత్య, సయోధ్య కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది, 2024లో పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఇంత జరిగిన పాటని అడక్కుండా వాడుకోకూడదు. చెప్పాలనుకుంటే ఒక సామి గాయనినో గాయకుణ్నో పిలిచి వాళ్లచేతే చెప్పించు, నువ్వు తెలుగులో పక్కన ఉండు. 1913 నుంచి 1915 దాకా కార్ల్ తిరేన్ అనే స్వీడన్ రైల్వే స్టేషన్ మాస్టర్ ఫోనోగ్రాఫ్ మోసుకుని తిరిగి మైనపు సిలిండర్ల మీద యోయిక్‌లు రికార్డు చేశాడు. ఎవరి గొంతు రికార్డు చేసినా వాళ్ల పేరు రాసి పెట్టుకోవడం నీకూ అలవాటు కావాలి.

హక్కుల సంగతీ చూసుకో. పాత రాగం ఎవరి ఆస్తీ కాదు, కానీ దాన్ని ఈనాడు వాయించిన మనిషి రికార్డింగ్ వాళ్లది. వాయించినవాళ్లనీ, రికార్డింగ్ కంపెనీనీ అడగాలి. కొత్తగా కట్టిన పాటైతే పాటల హక్కులు చూసే సంస్థల్ని అడగాలి, ఫిన్లాండ్‌లో టెయోస్టో, ఇక్కడ టోనో. నీ చేత్తో ఒక కళాకారుడికి నాలుగు యూరోలు ఇవ్వడం కన్నా మంచి ఖర్చు లేదు.

ఒక్కొక్క భాగం ఎంతసేపుండాలని అడిగావు. ఐస్‌లాండ్‌లో చలికాలం రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉన్ని వడుక్కుంటూ, అల్లుకుంటూ ఉంటే ఒకరు కథ చదివేవారు. చేతికి పని, చెవికి కథ. ఇప్పుడు అంట్లు తోముకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ వినేవాళ్లూ అంతే. వాళ్ల పని అయ్యేంతసేపు, అంటే పావుగంట, ఇరవై నిమిషాలు. నార్వే రేడియోలో శనివారం పిల్లల కార్యక్రమం 1924లో మొదలై 2010 దాకా నడిచింది. తరాలకి తరాలు ఒకే వేళకి చెవి ఒగ్గి పెరిగాయి. నువ్వు కూడా ఒక వారం, ఒక వేళ పెట్టుకుని తప్పకు. గదిలో ప్రతిధ్వని వస్తోంది, మీ ఊళ్లో ‘ఊడి’ అనే లైబ్రరీలో స్టూడియో బుక్ చేసుకో.

ఇక్కడ మా బడికి వచ్చి పిల్లలకి హార్దింగ్‌ఫేలె వాయించే ఆవిడతో మాట్లాడాను. తెల్ల ఎలుగుబంటి కథకి ఏదైనా వాయిస్తానంది. ఏ పాట, ఏ లోయది, ఎవరి దగ్గర నేర్చుకుంది, అన్నీ ఆవిడ గొంతుతోనే చెప్పించి నీకు పంపుతాను. దాని తెలుగు నువ్వు చదువు. పారాస్కె భాగం స్క్రిప్టు వచ్చే ఆదివారంలోపు పంపు, చదివి ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టి వెనక్కి పంపిస్తాను.

ప్రేమతో,
అమ్మ