ఊడ్పు ఖర్చు ఒక్కటే లెక్క కాదు

సంపాదకుడు గారికి,

దాళ్వాకు, అంటే రబీ వరికి, నారు నాటే ఊడ్పులు మానేసి దమ్ము చేసిన (నీరు పెట్టి బురదగా దున్నిన) చేలో మొలకెత్తిన విత్తనం వెదజల్లుకుంటే కూలీ ఖర్చు మిగులుతుందని, దిగుబడిలో గానీ గింజ నాణ్యతలో గానీ తేడా ఏమీ ఉండదని వ్యవసాయ అధికారులు రైతులకు చెప్పినట్టు పది రోజుల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో చదివాను. పొలం పనుల్లో ఉండి వెంటనే రాయలేకపోయాను. ఖర్చు మిగులుతుందన్న మాట నిజమే. తేడా ఉండదన్న మాట మాత్రం అన్ని చేలకూ వర్తించదు. వర్తించని చేలల్లో ఏం జరుగుతుందో ధాన్యం తూకం దగ్గర నిలబడినవాడికే తెలుస్తుంది.

వెదజల్లడానికి నేను వ్యతిరేకిని కాను. చేను అద్దంలా చదునుగా ఉండి, నీరు పెట్టాలన్నా తీయాలన్నా రైతు చేతిలోనే ఉంటే ఆ పద్ధతిలో పంట వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది, ముదురు ఎండల్లో గింజ పగిలిపోయే గండం కొంత తప్పుతుంది. కానీ మన డెల్టాలో ఎన్ని చేలకు సొంత బోదె (పిల్ల కాలువ) ఉంది? ఎగువ చేలోంచి దిగువ చేలోకి నీరు పారించుకునేవాళ్ళమే ఎక్కువ. కాలువకు వంతులు పెట్టాక మొలక మీద పలుచగా నీరు నిలపమంటే ఎలా నిలుపుతాం, తీసేయమంటే ఏ మురుగు కాలువలోకి తీస్తాం?

నిరుడు దాళ్వాలో అధికారుల మాట విని రెండు ఎకరాల్లో వెదజల్లాను, పక్కనే ఎకరంన్నర ఊడ్పించాను. కాలువ ఒకటే, విత్తనం ఒకటే, ఎరువు ఒకటే. వెదజల్లిన చేలో నా విత్తనంతో పాటే ఊద గడ్డి మొలిచింది, అంతకు ముందు సార్వాలో (ఖరీఫ్‌లో) కోత మిషను రాల్చిన స్వర్ణ రకం గింజలూ మొలిచాయి. ఊడ్చిన చేలో అయితే నారుకు మూడు నాలుగు వారాల వయసు ముందే ఉంటుంది, నీరు నిలుస్తుంది గనుక రాలిన గింజ తలెత్తదు. కోతకు వారం ముందు వెదజల్లిన చేలోకి దిగి చూస్తే కొన్ని వెన్నులు పండి వంగి ఉన్నాయి, వాటి పక్కనే పాలు గట్టిపడని పచ్చి వెన్నులు, మధ్యమధ్య అప్పుడే పొట్ట విచ్చుతున్న స్వర్ణ కేళీలు (వేరే రకం మొక్కలు). పచ్చివి పండేదాకా ఆగితే పండినవి ఎండకు చీలతాయి, పండినవాటి కోసం కోస్తే పచ్చివి తాలుగా, సున్నపు గింజగా పోతాయి. మిల్లులో రెండూ నూకే అవుతాయి.

కొనుగోలు నిబంధనల్లో పక్వం కాని, ముడుచుకుపోయిన గింజలు 3 శాతం దాటకూడదు, తక్కువ రకం కల్తీ 6 శాతం దాటకూడదు, తేమ 17 శాతం మించకూడదు. నా రెండు ఎకరాల ధాన్యం మొదటి రెండింటి దగ్గరే తప్పింది. మిల్లు దగ్గర గుప్పెడు ధాన్యం ఆడించి, పళ్ళెంలో పోసి, నూక చూపించి బస్తాకు ఇంత అని తరుగు తీశారు. ఊడ్పులో మిగిలిన కూలీ డబ్బు ఆ తరుగులో, రెండుసార్లు కొట్టిన కలుపు మందులో పోయింది. తేడా ఉండదని చెప్పిన అధికారి ఆ రోజు కొనుగోలు కేంద్రానికి వచ్చి ఉంటే ఆ పళ్ళెం ఆయనకే చూపించేవాడిని.

అలాగని ఊడ్పు అయితే చాలు, అన్నీ బాగుంటాయని కూడా అనను. సార్వాలో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు (ఒక్కోచోట కలిపి నాటిన మొక్కలు ఒక కుదురు), దాళ్వాలో 44 కుదుళ్ళు ఉండాలని మనకు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎకరాకు ఇంత అని గుత్తకు ఊడ్చే ముఠాలకు తొందర ఉంటుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పుతో ప్లాస్టిక్ గొట్టాల చట్రం ఒకటి చేసుకుని మా చేలోనే లెక్కపెడితే ఒకచోట 22, ఒకచోట 19 కుదుళ్ళు వచ్చాయి. యంత్రంతో నాటినా వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 14 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరులో 24 కుదుళ్ళు దాటవు. కుదుళ్ళు తగ్గితే ఖాళీ నింపడానికి ఆలస్యపు పిలకలు (పక్క మొలకలు) పుట్టుకొస్తాయి. మొదటి పిలకల వెన్ను నిండుగా ఉంటుంది, చివరి పిలకల వెన్ను కోత నాటికి పచ్చిగా ఉంటుంది. పైపైన రెండు మూడు మొక్కలు నాటవలసిన చోట గుప్పెడు ముదురు నారు లోతుగా గుచ్చితే పిలకలు సరిగా రావు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే గాలీ వెలుతురూ ఆడి దోమపోటు (పైరు రసం పీల్చే దోమ బెడద) తగ్గుతుంది, మందు కొట్టడానికి దారి ఉంటుంది. అది తీయించే రైతులు మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. చేల గట్టు మీదికి వచ్చి చెప్పేవారు లేకపోతే ఎవరు తీస్తారు?

2003 ప్రాంతంలో తక్కువ నీటితో వరి పండించే శ్రీ పద్ధతి వచ్చినప్పుడూ ఇదే చూశాం. 8 నుంచి 12 రోజుల లేత నారు, ఒక్కో మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరానికి 2 కిలోల విత్తనం అన్నారు. మంచి పద్ధతే, నీరు తీసి పెట్టుకోగల చేలకు. వర్షాకాలమంతా మోకాలి లోతు నీరు నిలిచే పల్లపు చేలల్లోనూ అదే చేయమన్నారు, నారు మునిగి కుళ్ళింది. ఆ తర్వాత మొలకెత్తిన విత్తనాన్ని వరుసల్లో వేసే డ్రమ్ సీడర్, ఇప్పుడు వెదజల్లడం. ఏ ఏటికి ఆ ఏడు ఒక పద్ధతికి లక్ష్యం పెట్టడం, ఎన్ని ఎకరాలు చేశారో రాసుకోవడం, ఏ నేలకు ఏది పనికొస్తుందో అడగకపోవడం. 1925 నుంచి వరి పరిశోధన చేస్తున్న మార్టేరు కేంద్రం మన మధ్యనే ఉంది. స్వర్ణ పుట్టింది అక్కడే. ఆ విజ్ఞానం ఊరి గట్టు దాకా రావడానికి మధ్యలో ఉన్నవారు మాత్రం పంట నమోదు ఫోన్లలోంచి తలెత్తడం లేదు.

నారు ముదరడానికి కాలువ నీటి తేదీ కూడా కారణమే. నీరు ఫలానా రోజున వస్తుందంటే ఆకుమడి (నారుమడి) పోసుకుంటాం. కాలువలో గుర్రపుడెక్క కలుపు తీయలేదనో, మరమ్మతు ముగియలేదనో నీరు రెండు మూడు వారాలు వెనక్కి పోతే, 25 రోజుల్లో ఊడ్చవలసిన నారు 45 రోజులకు చేలోకి వెళుతుంది. ఆ పంటకు దిగుబడి తగ్గితే తప్పు రైతుదంటారు.

ఈ దాళ్వాకైనా నీరు వదిలే తేదీ ఖాయం చేసి, ఆకుమడి పోయవలసిన తేదీని దానితోపాటే ప్రకటించాలి. మెరక చేలకు ఏ పద్ధతి, పల్లపు చేలకు ఏ పద్ధతి అన్నది ఊరివారీగా రాసి రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. ఊడ్పులప్పుడు ప్రతి ఊరికీ ఒక్క పూటైనా వ్యవసాయ సిబ్బంది మీటరు చట్రంతో చేలోకి దిగి కుదుళ్ళు లెక్కపెట్టాలి. మా ఊరికి వస్తే చట్రం నా దగ్గరే ఉంది, గట్టు మీద సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
ఒక వరి రైతు,
పెనుగొండ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా