వణికే చేతులను వయసు ఖాతాలో రాసేయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా నాన్నగారు ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. కంపాస్ పట్టకుండా నల్లబల్ల మీద ఆయన సున్నా చుడితే అది నిఖార్సయిన వృత్తమే. అలాంటి మనిషిని పోయిన నెలలో బ్యాంకులో సంతకం కలవడం లేదని వేలిముద్ర వేయమన్నారు. నిబంధనల ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ సిరా అంటిన బొటనవేలిని ఆయన దారి పొడుగునా పంచె చెంగుకు తుడుచుకుంటూనే ఉన్నారు.

చేతులు వణకడం మొదలై పన్నెండేళ్లయింది. మొదట అందరూ వయసన్నారు. గుడిలో తీర్థం పుచ్చుకుంటే సగం నేలపాలు. పెళ్లి పంక్తిలో చేతిలోని ముద్ద నోటి దాకా వెళ్లకపోతే, మాస్టారికి మందు అలవాటయిందేమోనని పక్కవాళ్లు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ తరువాత ఆయన ఎవరింటా భోజనానికి కూర్చోలేదు. ఒక డాక్టరు పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బని నాలుగేళ్లు మాత్రలు వాడించారు. గుణం కనిపించలేదు.

చివరికి ఒక న్యూరాలజీ డాక్టరు తెల్లకాగితం ఇచ్చి జిలేబీ చుట్టు గీయమన్నారు. ఒక గ్లాసులో నీళ్లు మరో గ్లాసులోకి పోయించారు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోమని కాసేపు గమనించారు. పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కనిపిస్తుందట. నాన్నగారిది పని చేయబోతే పైకొచ్చే వణుకు. దాని పేరు ఎసెన్షియల్ ట్రెమర్ అని, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని చెప్పారు. మా తాతగారు చివరి రోజుల్లో మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారని అప్పుడు గుర్తొచ్చింది. ఒక కాగితం, రెండు గ్లాసులు. ఆ పాటి పరీక్షకు మాకు పన్నెండేళ్లు పట్టింది.

దీనికి ముందుగా ఇచ్చేవి ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ అనే మందులు. ఉబ్బసం ఉన్నందువల్ల నాన్నగారికి మొదటిది పనికిరాదు. రెండోది వేసుకుంటే పగలంతా మగతే. మందులు పనిచేయనివారి కోసం ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 జూలైలో అనుమతి ఇచ్చింది. తల గొరిగి, కదలకుండా చట్రం బిగించి, ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెడతారు. వెయ్యికి పైగా చిన్న చిన్న వనరుల నుంచి వెలువడే ధ్వని తరంగాలు పుర్రె గుండా వెళ్లి, మెదడులో థాలమస్ అనే భాగంలోని ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఆ వేడికి వణుకు పుట్టించే చోటు మాడిపోతుంది. కోత లేదు, మత్తు లేదు. రోగి మెలకువగానే ఉంటారు. మధ్యమధ్య డాక్టర్లు అదే జిలేబీ చుట్టు గీయించి చెయ్యి కుదుటపడుతోందో లేదో చూస్తారు.

‘గంటలో వణుకు మాయం’ అని ఫోన్లలో తిరిగే వీడియోలను మాత్రం నమ్మకండి. 2016లోనే వెలువడిన, 76 మంది రోగులతో చేసిన పరీక్షలో, ఉత్తుత్తి చికిత్స కాక నిజంగా చికిత్స పొందినవారికి మూడు నెలలకు చేతి వణుకు సగటున 47 శాతం తగ్గింది. అది చిన్న విషయం కాదు, కానీ మాయమూ కాదు. మూడో వంతుకు పైగా రోగులకు మొదట్లో నడక తూలడం, తిమ్మిరి వచ్చాయి. చాలామందికి తగ్గాయి, కొందరికి ఏడాది తరువాత కూడా మిగిలాయి. పుర్రె ఎముక తీరు సరిపడనివారికి తరంగాలు లోపలికి సరిగా అందవు. మొదట ఒక వైపే చేస్తారు. ఇవన్నీ తెలిసే నాన్నగారు ‘కుడిచెయ్యి చాలు’ అంటున్నారు.

దేశంలో ఈ యంత్రం కోయంబత్తూరులోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వచ్చింది. పింఛను మీద బతికే కుటుంబానికి ఆ ఖర్చు అందే మాట కాదు. ఇదే యంత్రం పార్కిన్సన్స్ వణుకుకూ ఉపయోగపడుతుంది కనుక, రెండు తెలుగు రాష్ట్రాల్లో కనీసం ఒక్కో ప్రభుత్వ సంస్థలో పెట్టి, ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద ఖర్చు భరించాలని కోరుతున్నాను. అది రావడానికి ఏళ్లు పడితే పట్టనివ్వండి. కాగితం, గ్లాసుల పరీక్ష రేపటి నుంచే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేయించవచ్చు. అనుమానం ఉన్నవారిని గుంటూరు సర్వజన ఆస్పత్రికో, విశాఖ కేజీహెచ్‌కో, హైదరాబాదు నిమ్స్‌కో చీటీ రాసి పంపవచ్చు. థైరాయిడ్ వల్ల వచ్చే వణుకైతే రక్తపరీక్షతోనే తేలిపోతుంది.

బ్యాంకు అధికారులకూ ఒక మనవి. చెయ్యి వణికేవారు వస్తే కౌంటరు దగ్గర నిలబెట్టి తొందరపెట్టకండి. కుర్చీ వేసి, మోచెయ్యి బల్ల మీద ఆన్చుకోనిచ్చి, రెండోసారి సంతకం చేయనివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి