నాతోపాటు అన్నం మానిన అక్కాచెల్లెళ్ళకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బిఎ1సి) 6.6. జనవరిలో ఇదే పరీక్షలో 9.1 ఉంది. బరువు 82 కిలోల నుంచి 73కు దిగింది. రిపోర్టు పక్కన పెట్టి మిషన్ ముందు కూర్చున్నాను గానీ కుట్టు సాగలేదు. నాతో కలిసి పిండిపదార్థాలు బాగా తగ్గించే తిండికి తోడు నిలిచిన మా నడక గుంపులోని మీకందరికీ నాలుగు మాటలు రాశాకే ఇంకో పని ముట్టుకోవాలనిపించింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మాది కర్నూలు. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడుతున్నాను. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా కదలని పని. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం అన్నం, రాత్రి జొన్నరొట్టెలు. సోనా మసూరి పండే చోట పుట్టినవాళ్ళం, అన్నం తినకపోతే అసలు తిన్నట్టే ఉండదు మనకు. షుగర్ వచ్చాక నేను చేసిన మార్పల్లా రాత్రి అన్నం మాని రొట్టెలు, వారానికి రెండుసార్లు రాగి సంగటి. దాంతోనే జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను.

రెండేళ్ళ కిందట ఒకసారి నాకు నేనే అన్నం, రొట్టె అన్నీ ఒక్కసారిగా ఆపేశాను. ఒక పెళ్ళిలో ఎవరో చెప్పగా విన్నది, అంతే. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాను. నాలుగోరోజు ఎమ్మిగనూరు బస్సులో వెళ్తుంటే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్ళ ముందు మసక, మాట తడబడింది. పక్క సీటులో ఉన్నాయన గమనించి సాయం చేయకపోతే ఏమయ్యేదో. ఆ భయంతో మళ్ళీ అన్నానికే వచ్చేశాను. 'నాకు ఇది పడదు' అని రెండేళ్ళు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి తేడా తిండిలో లేదు, మాత్రలో ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. పిండిపదార్థం లేనప్పుడు అదే డోసు వేసుకుంటే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు. ఈ మాట నాకు చెప్పింది మా నర్సమ్మ.

అందుకే మొదటి నమస్కారం మీకే నర్సమ్మా. సంక్రాంతి అయిన వారం, అవుట్‌డోర్ స్టేడియంలో నడక అయ్యాక మెట్ల మీద కూర్చుని మీరు అన్న మాట నాకు గుర్తుంది. 'రేపటి నుంచి మొదలుపెడదాం అనకండి. ముందు రక్తపరీక్షలు, తర్వాత డాక్టరు, ఆ తర్వాతే తిండి.' పదకొండు మందిమి ఉంటే, పదకొండు మంది మాత్రల చీటీలు మీరే చూశారు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో నిలబడిన మనిషి, రిటైరయ్యాక హాయిగా ఇంట్లో ఉండొచ్చు. మాలో ఒక చెల్లెలు వేసుకునే మాత్ర డాపాగ్లిఫ్లోజిన్. అది వేసుకుంటూ కఠినంగా పిండిపదార్థాలు మానేస్తే షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చని, డాక్టరు మాత్ర మార్చేదాకా ఆ అమ్మాయిని మొదలుపెట్టనివ్వలేదు మీరు. ఇంకొకామెకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎక్కువ ఉందని డాక్టరు వద్దన్నారు. ఆమె మొహం చిన్నబోతే 'నువ్వు మాతో నడువు, లెక్కలు నువ్వే రాయి' అని పుస్తకం చేతికిచ్చారు. మా అందరి తిండి, షుగర్ అంకెలు ఇప్పటికీ రాసేది ఆ వదినే.

లెక్క అంటే గుర్తొచ్చింది. రోజుకు 50 గ్రాముల లోపు పిండిపదార్థాలు అని మొదటిరోజు అనుకున్నప్పుడు అదెంతో నాకు అర్థం కాలేదు. వదిన ఒక కప్పు అన్నం కొలిచి చూపించింది. అందులోనే 40 గ్రాములు దాటింది. ఆ కప్పు నేను ఒక ముద్దకు పప్పులో, ఇంకో ముద్దకు పులుసులో కలుపుకునేంత. మూడు కప్పులకు తక్కువ ఎప్పుడూ తినలేదు. అంతకంటే పెద్ద దెబ్బ జొన్నలు, రాగులది. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే, రాగుల్లో, జొన్నల్లో అది 70కి అటూ ఇటూ. వాటిలో పీచు ఎక్కువ, ఆ మాటకు బియ్యం కంటే మేలే. కానీ కఠినంగా చేసేటప్పుడు సంగటి కూడా పక్కన పెట్టాల్సిందే. మన రాయలసీమలో షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో 'సంగటి తినొచ్చులే' అని నిండుగా రెండు ముద్దలు పెడతారు. దయచేసి ఒక్కసారి తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోండి. నేను చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

మిగతా తిండి గురించి ఎక్కువ చెప్పను. గుడ్లు, చికెన్, చేపలు, పనీర్, గోంగూర, తోటకూర, సొరకాయ, బీరకాయ, వంకాయ, బెండకాయ. సి.క్యాంప్ రైతుబజారులో ఇవన్నీ ఎప్పుడూ దొరికేవే, బయటి నుంచి తెప్పించాల్సింది ఒక్కటీ లేదు. బుడ్డలు (వేరుశనగలు) రోజుకు గుప్పెడు, అంతకు మించి వద్దు. చక్కెర లేని కాఫీకి అలవాటు పడటానికి మాత్రం నాకు ఇరవై రోజులు పట్టింది.

ఇప్పుడు కిరాణా అక్క గురించి రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

మా గుంపులో ప్రతి ఒక్కరికీ ఒక తోడు. నియమం ఒక్కటే: నోరు ఆగకపోతే తిన్నాక కాదు, తినకముందు తోడుకు ఫోన్ చేయాలి. నా తోడు కిరాణా అక్క. ఆమెకు షుగర్ లేదు, బీపీ లేదు, బరువు కూడా సరిగ్గానే ఉంది. 'నీకెందుకక్కా ఇది' అని అడిగితే 'మా అన్నకు షుగరుతో కాలు తీసేశారు. ఆయన పథ్యం తింటుంటే పక్కనే కూర్చుని మేమందరం పప్పన్నం తిన్నాం. నీ పక్కన అట్లా కూర్చోలేను' అంది. తొంభై రోజులు అక్క అన్నం ముట్టలేదు. ఆమె కూర్చునేది బియ్యం బస్తాల మధ్య. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ చేతులతోనే జనానికి సోనా మసూరి కొలిచి పోస్తుంది.

మూడోరోజు రాత్రి పదకొండుకు నేను వంటింట్లో నిలబడ్డాను. తల పగిలిపోతోంది, కాళ్ళు లాగేస్తున్నాయి, ఒళ్ళంతా నీరసం. గిన్నెలో అన్నం, పక్కన పెరుగు, ఆవకాయ జాడీ. గరిటె చేతిలోకి తీసుకున్నాక నియమం గుర్తొచ్చి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. 'ఈరోజు ఉప్పు ఎంత తిన్నావు?' అని అడిగింది. మొదటి రోజుల్లో ఒంట్లో నిలవ ఉన్న పిండిపదార్థంతో పాటు నీరు, ఆ నీటితో ఉప్పు బయటికి పోతాయట. ఆ తలనొప్పి, కాళ్ళ తీపులు అందుకేనట. నాకు బీపీ లేదు, ఉప్పు కాస్త ఎక్కువ తీసుకోవచ్చని డాక్టరు ముందే చెప్పారు, నేనే మరచిపోయాను. 'పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగు, గుడ్డు అట్టు పోసుకో, నేను లైన్లోనే ఉంటా' అంది. అట్టు వేసుకుని తిన్నాను, ఆమె వింటూనే ఉంది. అరగంటలో తలనొప్పి తగ్గింది. అన్నం గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు విని 'ఇంక పడుకో' అని ఫోన్ పెట్టేసింది. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఈ ఉప్పు మాట డాక్టరును అడగకుండా పాటించొద్దు.

ఏం తినాలో చెప్పేవాళ్ళు తొమ్మిదేళ్ళలో నాకు వందమంది దొరికారు. నేను తిననిది తాను కూడా తినకుండా కూర్చున్న మనిషి అక్క ఒక్కతే.

మొదటి వారం మూడు కిలోలు తగ్గి నేను ఎగిరి గంతేస్తే నర్సమ్మ 'అది చాలావరకు నీళ్ళే, సంబరం తర్వాత చేద్దువు' అని చెప్పారు. మంచి పని చేశారు. నాలుగో వారంలో అరకిలో కూడా తగ్గనప్పుడు ఆ మాటే నన్ను నిలబెట్టింది. రోజూ పరగడుపున చూసుకున్న అంకెలు చూసి రెండో వారంలో డాక్టరు గారు గ్లిమెపిరైడ్ సగం చేశారు, తర్వాత ఆపేశారు. మెట్‌ఫార్మిన్ ఇప్పటికీ వేసుకుంటున్నాను. షుగర్ పోయిందని నేను ఎవరికీ చెప్పడం లేదు, అదుపులో ఉంది, అంతే.

ఒక విషయం దాచకూడదు. ఆరు వారాలకు చేసిన పరీక్షలో నా చెడు కొలెస్ట్రాల్ 118 నుంచి 151కి పెరిగింది. అందరికీ ఇలా కాదట, కొందరికి అవుతుందట. నేను భయపడి మొత్తం ఆపేద్దామన్నాను. ఆ ఆదివారం మెట్ల మీద గంటసేపు నా కంచం గురించే మాట్లాడారు మీరంతా. డాక్టరు గారు చెప్పినట్టు నెయ్యి, కొబ్బరి తగ్గించి, వంటకు బుడ్డల నూనె, వారానికి మూడుసార్లు చేప పెట్టుకున్నాను. నిన్నటి రిపోర్టులో 127 ఉంది. 'మన పద్ధతిని తప్పుపడుతున్నావు' అని మీలో ఒక్కరూ అనలేదు. డైట్ మొదలుపెట్టేవాళ్ళు దయచేసి ఈ పరీక్ష కూడా ముందే చేయించుకుని అంకె రాసిపెట్టుకోండి.

ఈసారి రంజాన్, ఉగాది దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆపా, మీరు రోజంతా ఉపవాసం ఉండి కూడా ఇఫ్తార్ పళ్ళెంలో నుంచి నాకు విడిగా కీమా, కబాబులు పక్కన పెట్టి, పిల్లవాడితో పంపించేవారు. పెనం మీద వేసేటప్పుడు శనగపిండి కలపలేదని ఆ పిల్లవాడు గుమ్మంలోనే అప్పజెప్పినట్టు చెప్పేవాడు. మీ ఇంటి షీర్ ఖుర్మా ఈ ఏడాది తాగలేకపోయాను. మీరు ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు.

ఉగాదికి ముందు కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్ళే భక్తులకు మా వీధిలో ఏటా అన్నం పెడతాం. వడ్డించేది నేనే. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినవాళ్ళకు వేడి వేడి చిత్రాన్నం పెడుతుంటే ఆ వాసనకే కడుపులో తిప్పింది. ఆరోజు మీరు ముగ్గురు పని మానుకుని నా పక్కన నిలబడ్డారు. ఒకరు మజ్జిగ గ్లాసు, ఒకరు ఉడికించిన గుడ్ల డబ్బా. మూడోవాళ్ళు ఏమీ తేలేదు, ఊరికే కబుర్లు చెప్తూ నిలబడ్డారు. నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ కబుర్లే. పండగనాడు పచ్చడి ఒక్క చెంచా నాలుక మీద పెట్టుకున్నాను, ఓళిగ (బొబ్బట్టు) ముట్టలేదు.

మా అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. కోడలికి అన్నం లేకుండా కంచం పెట్టడం ఆమెకు తప్పు చేసినట్టే ఉండేది. మొదటి వారం రోజూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత ఒకరోజు నేను కుట్టుకుంటుంటే వంటింట్లో తురుముతున్న చప్పుడు వినపడింది. కాలీఫ్లవర్ అన్నంలా తురిమి, నిమ్మకాయ, పచ్చిమిర్చి, ఇంగువతో తాలింపు పెట్టి తెచ్చి నా ముందు పెట్టింది. ఎవరు నేర్పారని అడిగితే కిరాణా అక్క అట. నాకు తెలియకుండా ఇంటికొచ్చి నేర్పి వెళ్ళింది. అత్తమ్మా, మీకు నమస్కారం. ఇంట్లో తన కూర తనే వేడి చేసుకుని నాలుగు నెలలు నోరెత్తని మా ఆయనకు కూడా.

చివరిగా ఒకరు మిగిలారు. ఆయన ఈ పోస్టు చూస్తారో లేదో తెలియదు. రెండేళ్ళ కిందట ఎమ్మిగనూరు బస్సులో నా పక్కన కూర్చున్న అన్నా, మీ పేరు అడిగే స్థితిలో నేను లేను. 'అమ్మా, షుగర్ ఉందా?' అని అడిగి, మీ బాబు అప్పుడే స్ట్రా గుచ్చిన మామిడి జ్యూస్ డబ్బా వాడి చేతిలో నుంచి తీసుకుని నాకు తాగించారు. వాడు ఏడ్వకుండా నా వైపే చూస్తూ కూర్చున్నాడు. పావుగంటకు నాకు తెలివి కుదిరేసరికి మీరు దిగిపోయారు. నీలం గళ్ళ చొక్కా, ఒళ్ళో నాలుగైదేళ్ళ బాబు, కోడుమూరు దగ్గర దిగారని కండక్టరు చెప్పాడు. ఎవరికైనా తెలిస్తే ఈ మాట వాళ్ళకు చేర్చండి. ఆ బాబుకు నేను ఒక జ్యూస్ డబ్బా బాకీ ఉన్నాను. బడికి వేసుకోవడానికి ఒక చొక్కా కూడా కుట్టి ఇస్తాను. కొలతలు పంపండి.