కాళ్లు వంచే యంత్రం సంగతి

చర్లపల్లి,
శనివారం రాత్రి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నువ్వు తిట్టదలచుకున్న తిట్లన్నిటినీ ముందుగానే స్వీకరిస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి, చిన్నవాడు పదో తరగతికి వచ్చాడు, మిగతావి ఫోనులో చెబుతాను. అసలు సంగతి ఏమిటంటే, మేము యంత్రాన్ని ఎంచుకున్నాము, కానీ అది కొందామని బయలుదేరిన యంత్రం మాత్రం కాదు!

పంపుసెట్ల స్టార్టరు బోర్డుల్లో రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు, టెర్మినల్ బ్లాకులు ఉన్నంతకాలం ఆ కాంపొనెంట్ల తీగ కాళ్లను బోర్డు రంధ్రాల్లో దించి అతికే పని మనల్ని వదలదని నీకు తెలిసిందే. ఇంతవరకూ మా అమ్మాయిలు నోస్ ప్లయరుతో కాళ్లు వంచి, బోర్డులో గుచ్చి, సోల్డర్ పాట్‌లో, అంటే కరిగిన అతుకు లోహపు తొట్టిలో ముంచి, అడుగున మిగిలిన పొడవును కత్తిరిస్తూ వచ్చారు. ఆర్డర్లు పెరిగేసరికి బావ, బోర్డు అడుగును కరిగిన సోల్డరు అల మీదుగా నడిపించే ఒక వేవ్ సోల్డరింగ్ యంత్రం, దాని వెనుక కటింగ్ యంత్రం, ఆ వెనుక మళ్లీ రెండో వేవ్ కావాలని పట్టుబట్టాడు. అతని తర్కంలో తప్పు లేదు. పొడవు కాళ్లయితే ఒకసారి అతికి నిలబెట్టాలి, కోయాలి, కోతకు అదిరిన అతుకులను మళ్లీ కరిగించాలి.

అమ్మకందారు దగ్గరకు నేను మన సొంత కాంపొనెంట్లనే టిఫిన్ డబ్బాలో వేసుకుని వెళ్లాను. పెళ్లికి సొంత విస్తరాకు తెచ్చుకున్నట్టుందని బావ దారి పొడవునా వెక్కిరించాడు. రెసిస్టర్లను అక్కడున్న రెండు లీడ్ ఫార్మింగ్ (కాళ్లు వంచే) యంత్రాలూ చక్కగానే వంచాయి. అప్పుడు డబ్బా అడుగు నుంచి 1ఎన్4148 గాజు డయోడ్లు తీసి ఇచ్చాను. మోటారుతో నడిచే మొదటి యంత్రం చకచకా వంచి పడేసింది. వాటిలో ఒకదాన్ని భూతద్దం కింద పెడితే, కాలు గాజులోకి దిగేచోట వెంట్రుకంత చీలిక! చేతిపిడితో తిప్పే రెండోదానిలో వంచినవాటికి మాత్రం గీత కూడా పడలేదు. పక్కనే కూర్చుని యంత్రాల పట్టు పళ్లను గమనిస్తే కారణం తెలిసింది. మొదటిది కాలి చివరను తోసి వంచుతుంది, కాబట్టి ఒత్తిడంతా గాజు మోయాలి. రెండోది డయోడు ఒంటికీ వంపుకీ మధ్య కాలిని గట్టిగా పట్టుకున్న తరువాతే వంచుతుంది. వంపు ఒంటి నుంచి కనీసం కాలి మందమంత దూరంలో, అదీ 0.8 మిల్లీమీటర్లకు తగ్గకుండా మొదలు కావాలని ఎలక్ట్రానిక్స్ తయారీకి వాడే ఐపీసీ ప్రమాణం చెబుతుంది. మన పట్టకారు మాస్టారు ల్యాబులో "ఒళ్లు వదిలి వంచరా, దున్నపోతా" అని అరిచింది దీని గురించేనన్నమాట. ఆ బిరుదు నీదో నాదో ఇంకా తేలలేదనుకో.

అసలు లాభం ఆ తరువాత బయటపడింది. ఆ రెండో యంత్రమే కాళ్లను కొలతకు కోసి మరీ వంచుతుంది గనుక బోర్డు అడుగున 2.5 మిల్లీమీటర్లకు మించి పొడుచుకురావు. అంటే కటింగ్ యంత్రమూ వద్దు, రెండో వేవ్ కూడా వద్దు. పొట్టి కాళ్లు కరిగిన లోహపు అల మీద పైకి లేస్తాయన్న నా భయానికి కూడా, కాలిలో చిన్న గూని లాంటి వంపు వేసే అచ్చు ఉందని అమ్మకందారే చూపించాడు. వేడెక్కే పవర్ రెసిస్టర్లను బోర్డుకు ఆనకుండా ఎత్తులో నిలబెట్టడానికి కూడా ఆ గూనే పనికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రం ఉష్ణోగ్రత అదుపు ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో చేత్తోనే అతుకుతాము.

వేవ్ ఒక్కటే అన్నాక, అందులో సోల్డరు కరిగే పాట్ దగ్గర పేచీ మొదలైంది. మేము వాడే 63/37 (తగరం 63, సీసం 37 పాళ్లు) సోల్డరు 183 డిగ్రీలకే కరుగుతుంది, సీసం లేనిదైతే 217 దాటాలి. పైగా అందులో తగరం పాలు ఎక్కువ కాబట్టి మామూలు స్టెయిన్‌లెస్ పాట్‌ను నెమ్మదిగా తినేస్తుంది. సీసం లేనిది అడిగే ఎగుమతి ఆర్డరు వస్తే పాట్ మార్చుకుందామని బావ, ఇప్పుడే టైటానియంది తీసుకుందామని నేను. ధర విన్నాక అతను మంచినీళ్లు అడిగాడు, నేను కూడా కొంచెం... సరే, టైటానియందే ఖాయం చేశాము.

అతికే ముందు బోర్డుకు పట్టించే ఫ్లక్స్ ద్రవాన్ని స్ప్రే చేయాలా, నురుగులా పట్టించాలా అన్న తగవు ఇంకా ఉంది, దాని గురించి రాద్దామంటే కింద బావ హారన్ మోగిస్తున్నాడు. వదినను అడిగానని చెప్పు.

నీ
శీను