పద్యనాటకానికి హాలు ఇప్పించండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. వేదం వేంకటరాయ శాస్త్రి గారు నాటకాలు రాసి ఊరుకోలేదు. 1899లో మన నెల్లూరులోనే ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి ఆడించారు. 1897 నాటి ఆయన నాటకం ‘ప్రతాపరుద్రీయం’లో చాకలి పేరిగాడు వాడుక మాటల్లోనే మాట్లాడతాడు. పుస్తకాల్లో గ్రాంథికం తప్ప ఒప్పుకోని పండితుడు, స్టేజీ మీద మాత్రం పాత్ర నోటికి తగ్గ మాటే ఇచ్చారు. నాకు ఆయనలో నచ్చేది అదే!

ఆయన పేరుతో టౌన్‌హాల్లో ఏటా పద్యనాటకాలు ఆడించండి. హాలు అద్దె, హార్మోనిస్టు డబ్బులే మా పల్లె నాటక సమాజాలకు టెన్షన్. ఆ రెండూ మీరు చూసుకుంటే, మేకప్ సామాను మేమే తెచ్చుకుంటాం. శాలువాలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పద్యనాటక అభిమాని, కోవూరు